ఈస్ట్ బతుకు మొదటి రోజే తేలిపోతది

మా సుట్టాలల్ల సగం మందికి నేను సారా కంపెనీల కొలువు చేస్తున్న అనే తెలుసు. మాది సారా కంపెనీ కాదు, కరీంనగర్ దిక్కు నూకలు, మక్కలు ఉడకబెట్టి పెట్రోల్ల కలిపే ఇథనాల్ తీసే ప్లాంటు, అండ్ల నేను ల్యాబ్ కెమిస్టును, షిఫ్టు డ్యూటీ, ఇల్లేమో హన్మకొండల. ఎన్నిసార్లు చెప్పినా ఏ పెండ్లికి పోయినా ఎవడో ఒకడు "బావా, ఒక క్యాను పట్టుకరారాదూ" అంటనే ఉంటడు, నవ్వి ఊకుంట.

గని మా అక్క కొడుకు ఉన్నడు, బీజెడ్‌సీ చదువుతుండు, వాడు అడిగింది మాత్రం అసలు ప్రశ్న. "మామా, ఆల్కహాల్ చేసేది ఈస్టే కదా, మళ్ల ఆల్కహాల్ ఎక్కువైతే సచ్చేది సుత ఈస్టే అంటరు, మరి అప్పటిదాక అండ్లనే ఎట్ల బతుకుతది అది?" వాళ్ల నోట్సుల ఒక్క లైను ఉందంట, ఈస్ట్ ఇంత శాతం దాక ఆల్కహాల్ తట్టుకుంటది అని, గంతే, ఎట్ల తట్టుకుంటదో లేదు. ఫోన్ల చెప్పబోతే ఒడవలేదు, ఇగ ఇక్కడ రాస్తున్న, అల్లుడూ, జర ఓపికతోటి చదువు.

ముందుగాల్నే ఒక మాట. ఈస్ట్ ఆల్కహాల్‌తోటి కొట్లాడేది ఆఖర్న అనుకుంటరు అందరు, మా ప్లాంటుల పెద్ద సార్లు సుత అట్లనే అనుకుంటరు, నలభై గంటలకు ట్యాంకు మొరాయిస్తే అప్పుడు ఉరుకుతరు. నా లెక్కల అది ఉల్టా. ట్యాంకుల ఆల్కహాల్ పది శాతం దాటినంక ఈస్ట్ చేతుల ఎక్కువ ఏం ఉండది, అప్పుడు అది నిలబడుతదా కూలబడుతదా అనేది మొదటి పది పన్నెండు గంటలల్ల దానికి ఏం తినబెట్టినం, ఎంత గాలి ఇచ్చినం, ఎంత వేడి మీద పెట్టినం అన్నదాన్ని బట్టి ముందే తేలిపోయి ఉంటది. మిగిలిందంతా ఈ ముచ్చటనే.

అసలు అది ఆల్కహాల్ ఎందుకు చేస్తది? గ్లూకోజ్‌ను రెండు ముక్కలు చేసి, రెండు ఇథనాల్, రెండు కార్బన్ డైఆక్సైడ్ చేస్తది, లెక్కకు 180 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే మహా అంటే 92 గ్రాముల ఇథనాల్ వస్తది, మిగిలిన 88 గ్రాములు గాలిల పోతది. దీంట్ల ఈస్టుకు మిగిలేది రెండే రెండు ఏటీపీలు, అంటే సెల్లు ఖర్చుపెట్టుకునే శక్తి పైసలు, ఆక్సిజన్ తోటి పూర్తిగ కాల్చుకుంటే ఇంతకు ఎన్నో రెట్లు వచ్చేటియి. విచిత్రం ఏందంటే గాలి పుష్కలంగ ఉన్నా సరే, చక్కెర ఎక్కువ కనపడితే ఈ ఈస్ట్, అసలు పేరు సాకరోమైసిస్ సెరెవిసియే, ఆల్కహాలే చేస్తది, దీన్ని క్రాబ్‌ట్రీ ఎఫెక్ట్ అంటరు. ఎందుకంటే ఏటీపీ తక్కువ దొరికినా చక్కెర జల్దీ ఒడగొడితే పక్కనున్న బ్యాక్టీరియాకు ఏం మిగలది, పైంగ ఆ ఆల్కహాల్‌కు అవి ఆగలేవు. చక్కెర ఒడిసినంక గాలి ఉంటే ఇది ఏడీహెచ్2 అనే ఎంజైమ్‌ను లేపి తను చేసిన ఆల్కహాల్‌నే మెల్లగ తింటది. పండ్ల మీద, చెట్ల మీద బతికేదానికి ఇది మంచి ఉపాయమే. మా ట్యాంకుల మాత్రం గాలి లేదు కాబట్టి ఆ తినే వంతు దానికి ఎన్నడు రాదు, చేసుడే చేసుడు.

మనకు దగ్గర్ల ఉన్న ఫర్మెంటేషన్ అంటే కల్లు కాబట్టి అది సుత చెప్పుకుందాం, ఎందుకంటే కల్లు చూసి ఈస్ట్ ఓపిక ఇంతే అనుకునేటోళ్లు మస్తు మంది ఉన్నరు. తాటి చెట్టుకెల్లి కారే నీరాల చక్కెర సుమారు 10 నుంచి 14 శాతం ఉంటది, ఎక్కువ సుక్రోజే. గౌడన్న పొద్దుగాల లొట్టి దించేసరికే అండ్ల బుడగలు వస్తుంటయి, ఎందుకంటే లొట్టికి నిన్నటి ఈస్ట్ అంటుకునే ఉంటది, అందుకే నీరా తియ్యగ కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తరు, సున్నానికి పీహెచ్ పెరిగి, అంటే పులుపు తగ్గి, ఇవన్ని కొంచెంసేపు ఆగుతయి. కల్లుల ఆల్కహాల్ మామూలుగ ఐదారు శాతం దాటది, పైంగ అండ్ల ఈస్ట్ ఒక్కతే ఉండది, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంటది, లాక్టిక్ యాసిడ్ చేసేటియి ఉంటయి, అసిటిక్ యాసిడ్ చేసేటియి ఉంటయి, తలా ఇంత పంచుకుంటయి. పొద్దుగాల తియ్యగున్న కల్లు పొద్దుమూకేసరికి పుల్లగైపోయేది అందుకే. అంటే కల్లుల ఈస్ట్ ఆగిపోయేది ఆల్కహాల్‌కు ఓడిపోయి కాదు, తిండి ఒడిసి, పులుపు పెరిగి. దాని అసలు హద్దు ఇంకా మస్తు దూరం ఉంటది. కిక్కు సాలదని కాంపౌండ్లల్ల అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపే దొంగ కల్లు ముచ్చట వేరే, దానికి ఈస్టుకు ఏం సంబంధం లేదు, అది మనుషుల పాపం, ఇక్కడ వదిలేస్త.

ఇగ ఆల్కహాల్ ఈస్టును ఏం చేస్తది అనే దగ్గరికి వద్దాం.

మా ల్యాబ్‌ల ప్రతి షిఫ్టుకు చేసే పని ఒకటుంది. ఫర్మెంటర్, అంటే సరుకు పులిసే ట్యాంకు, దాని శాంపిల్ తెచ్చి, నీళ్లు కలిపి పల్చగ చేసి, మిథిలీన్ బ్లూ ఒక చుక్క ఏసి, గడులు గీసి ఉండే కౌంటింగ్ స్లైడ్ మీద పెట్టి మైక్రోస్కోపుల చూస్త. బతికున్న సెల్లు ఆ నీలం రంగును లోపటికి రానిచ్చినా దాన్ని విరగ్గొట్టి రంగు లేకుండ చేస్తది, సచ్చినది చెయ్యలేదు, నీలంగ మారి అట్లనే ఉంటది. పది గంటల శాంపిల్ చూస్తే పానం లేసొస్తది, గుండ్రంగ, నిండుగ, సగానికి ఎక్కువ సెల్లులకు పక్కన మొగ్గ ఉంటది, నీలం ఎక్కడో ఒకటి. అదే ట్యాంకు యాభై గంటలకు చూడు, మొగ్గలు ఉండయి, సెల్లుల అంచులు సొట్టబడి, లోపల వాక్యూల్ అనే సంచి పెద్దగ ఉబ్బి కనపడుతది, మందల మందల నీలాలు. మధ్యల ఏమైంది అనేదే కథ.

సెల్లు సుట్టు రెండు గోడలు ఉంటయి అనుకో. బయటది సెల్ వాల్, అది గట్టిది, దానికి ఆల్కహాల్ తోటి ఎక్కువ లొల్లి లేదు. లోపటిది మెంబ్రేన్, కొవ్వు పొర, ఒక మిల్లీమీటరును లక్ష ముక్కలు చేస్తే అండ్ల ఒక ముక్క అంత మందం సుత ఉండది. ఇథనాల్ చిన్న మాలిక్యూల్, నీళ్లల్ల కరుగుతది, కొవ్వుల సుత దూరుతది, దానికి తలుపు అక్కర లేదు. అందుకే లోపల తయారైనది లోపల్నే పేరుకుంటది అనుకోకు, తయారైంది తయారైనట్టు బయటికి పోతది, లోపల ఎంతుందో బయట సుమారు అంతే ఉంటది, ఒకప్పుడు లోపల జమైతది అనుకునేటోళ్లు, ఆ లెక్క తప్పని తర్వాత తేలింది. అంటే ఈస్ట్ తను చేసిన ఆల్కహాల్‌నే కాదు, ట్యాంకుల ఉన్న కోట్ల కోట్ల ఈస్టులు చేసిన ఆల్కహాల్‌ను అనుభవిస్తది.

ఆ ఇథనాల్ మెంబ్రేన్ల కొవ్వుల తలకాయల దగ్గర, నీళ్లకు కొవ్వుకు నడుమ ఇరుక్కుంటది. ఇరుక్కుంటే పొర వదులైతది, పల్చబడుతది, కారుడు మొదలైతది. లోపలున్న పొటాషియం, మెగ్నీషియం, అమైనో యాసిడ్లు బయటికి, బయటున్న యాసిడ్ లోపటికి. పొరల గుచ్చి ఉండే ప్రోటీన్లు, అంటే గ్లూకోజ్‌ను లోపటికి తెచ్చే ట్రాన్స్‌పోర్టర్లు, అమైనో యాసిడ్లు తెచ్చేటియి, వాటి సుట్టున్న కొవ్వు తీరు మారితే అవి సరిగ పనిచెయ్యయి. అంటే చక్కెర ముంగటనే ఉంటది, తిననీకి నోరు పడిపోతది. నేను చూసిన మొరాయించిన ట్యాంకులన్నిట్ల ఇదే, చక్కెర మిగిలి ఉంటది, ఈస్ట్ మిగిలి ఉంటది, రెంటికి లంకె తెగి ఉంటది.

దీనికి ఈస్ట్ దగ్గర ఉన్న పెద్ద మందు కొవ్వు మార్చుకునుడే. డాల్డా, పల్లీ నూనె రెండు పక్కపక్కన పెట్టి చూడు, ఒకటి గడ్డగ, ఒకటి పల్చగ ఉంటది, తేడా అంతా ఫ్యాటీ యాసిడ్ల వంకరల ఉంది. ఈస్ట్ మెంబ్రేన్ల సుత సాచురేటెడ్, అన్‌సాచురేటెడ్ రెండు రకాలు ఉంటయి, ఆల్కహాల్ పెరిగినకొద్ది అది ఒలీయిక్ యాసిడ్ వాటా పెంచుకుంటది. ఆల్కహాలే పొరను వదులు చేస్తుంటే ఇది ఇంకా వంకర ఫ్యాటీ యాసిడ్ పెట్టుడేంది అని నాకు సుత మొదట్ల తిక్కగ అనిపించింది, గని ఒలీయిక్ ఎక్కువున్న స్ట్రెయిన్లే, అంటే ఈస్ట్ రకాలే, ఎక్కువ తట్టుకుంటయని ప్రయోగాలల్ల సాఫ్‌గ కనపడ్డది. దానికి జోడీ ఎర్గోస్టెరాల్. మన ఒంట్ల కొలెస్ట్రాల్ చేసే పని ఈస్టుల ఎర్గోస్టెరాల్ చేస్తది, ఫ్యాటీ యాసిడ్ల నడుమ నిలబడి పొరను మరీ గడ్డకట్టనియ్యది, మరీ చెదరనియ్యది. అన్నట్టు కల్లుల ఉండే జైమోమోనాస్‌కు స్టెరాల్ చేసుకునుడు రాదు, అది హోపనాయిడ్లు అని స్టెరాల్ లాంటివే వేరే చేసుకుంటది. రెండు వేరే వేరే జాతులు, ఒకటి ఫంగస్ ఒకటి బ్యాక్టీరియా, కష్టం ఒకటే కాబట్టి మందు సుత ఒక తీరుదే.

ఇప్పుడు అసలు మెలిక. ఎర్గోస్టెరాల్ చెయ్యాలంటే ఆక్సిజన్ కావాలె. ఒక్క మాలిక్యూల్‌కు 12 ఆక్సిజన్ మాలిక్యూళ్లు ఖర్చు. ఒలీయిక్ యాసిడ్ చేసే ఓఎల్ఈ1 అనే ఎంజైమ్‌కు సుత ఆక్సిజన్ కావాలె. ఈస్ట్ గాలి లేకున్నా బతుకుతది అని ఇస్కూల్ల చదువుకున్నం కదా, అది సగం నిజం, శక్తికి గాలి అక్కర లేదు, పొర కట్టుకోనీకి మాత్రం కావాలె. 1953, 54లల్ల ఆండ్రియాసెన్, స్టియర్ అనే ఇద్దరు ఇది తేల్చిండ్రు, గాలి అస్సలు లేకుండ ఈస్ట్ పెరగాలంటే ఎర్గోస్టెరాల్, అన్‌సాచురేటెడ్ ఫ్యాటీ యాసిడ్ రెండు మనమే ఎయ్యాలె, లేకుంటే కొన్ని తరాలకు ఆగిపోతది అని. బీరు చేసేటోళ్లు ఫర్మెంటేషన్ షురూ చేసేముందు వోర్ట్‌ల, అంటే పులియబెట్టే తియ్యటి రసంల, 8 నుంచి 10 పీపీఎం (లీటరుకు అన్ని మిల్లీగ్రాములు) ఆక్సిజన్ కొట్టేది అందుకే, ఊపిరి కోసం కాదు, కొవ్వు కోసం.

దీనితోటి ఇంకో లెక్క ఉంది, ఇది మా మేనేజర్లకు ఎంత చెప్పినా ఎక్కది. సెల్లు మొగ్గ ఏసి రెండైనప్పుడల్ల ఉన్న స్టెరాల్‌ను తల్లి పిల్ల పంచుకోవాలె. ట్యాంకుల గాలి లేదు కాబట్టి కొత్తది రాదు. నాలుగైదు తరాలు అయ్యేసరికి ఒక్కో సెల్లుకు మిగిలేది అడుగుబొడుగే, పొర కట్టనీకి సాలక పెరుగుడు ఆగిపోతది, సరిగ్గ అప్పుడే ఆల్కహాల్ ఎనిమిది తొమ్మిది శాతం దాటుతుంటది. అందుకే ఈస్ట్ తక్కువ ఏసి పైసలు మిగిల్చినం అనుకునేటోడు మునుగుతడు, తక్కువ ఏస్తే ఎక్కువసార్లు రెండు కావాలె, అంత పల్చబడుతది. మార్కెట్ల దొరికే డ్రై ఈస్ట్ ప్యాకెట్ల ఈస్టును ఫ్యాక్టరీలల్ల మొలాసిస్, అంటే చక్కెర మడ్డి, కొంచెం కొంచెం కారుస్తూ గాలి దండిగ కొడుతూ పెంచుతరు, చక్కెర ఎక్కువ ఇస్తే ఆల్కహాల్ దిక్కు మర్లుతది కదా, అందుకు. అట్ల పెరిగినది స్టెరాల్, ట్రెహలోజ్ అనే కాపాడే చక్కెర నిండుగ పెట్టుకొని వస్తది. ఆ పొట్లంల ఉన్న బలం మన స్ట్రెయిన్ గొప్పతనం అనుకుంటం, సగం బలం పెంపకంలది.

రెండో మందు పంపు. ఫర్మెంటర్ల పీహెచ్ నాలుగు కాడ ఉంటది, సెల్లు లోపల ఆరు ఏడు మధ్యల ఉండాలె. ఒక్క పాయింటు తేడా అంటే పది రెట్లు, అంటే బయట యాసిడ్ లోపటికన్న కనీసం వంద రెట్లు ఎక్కువ. పొర మంచిగున్నప్పుడే ప్రోటాన్లు, అంటే యాసిడ్ కణాలు, కొన్ని లోపటికి జారుతనే ఉంటయి, పీఎంఏ1 అనే పంపు ఏటీపీ ఖర్చుపెట్టి వాటిని బయటికి తోడుతనే ఉంటది. ఆల్కహాల్ పెరిగితే కారుడు పెరుగుతది, పంపు ఇంకా ఎక్కువ నడవాలె, చక్కెర లోపటికి రాక ఏటీపీ తక్కువైతుంటది, ఇటు ఖర్చు ఎక్కువ అటు రాబడి తక్కువ. ఈస్ట్ సచ్చేది ఒక్క దెబ్బకు కాదు, ఇట్ల దివాళా తీసి. ముందు పెరుగుడు ఆగుతది, తర్వాత చక్కెర తినుడు మెల్లగైతది, ఆఖర్న పానం పోతది, మూడింటికి మూడు వేరే వేరే హద్దులు ఉంటయి. నోట్సుల ఒక్క నంబరు ఏసి "ఇంత శాతం తట్టుకుంటది" అంటే ఏది తట్టుకుంటది అనేది అడగాలె అల్లుడూ.

ఈ పంపు ముచ్చటల 2014ల సైన్స్ పత్రికల ఒక పేపర్ వచ్చింది, అమెరికాల ఎంఐటీ, వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లది. వాళ్లు ఏం చేసిండ్రంటే మీడియంల పొటాషియం పెంచిండ్రు, పీహెచ్ కొంచెం పైకి పట్టిండ్రు, గంతే, జీన్లు ఏం మార్చలేదు, ఇథనాల్ దాదాపు 80 శాతం ఎక్కువ వచ్చింది. ఎందుకంటే మెంబ్రేన్ అటు ఇటు ఉండే పొటాషియం, ప్రోటాన్ల తేడా నిలబడితే సెల్లు నిలబడుతది. తర్వాత పొటాషియం తెచ్చే టీఆర్‌కే1, ప్రోటాన్ తోడే పీఎంఏ1 రెండు జీన్లను గట్టిగ నడిపిస్తే మామూలు ఈస్ట్ సుత ఎక్కువ తట్టుకుంది. నాకు ఈ పేపర్ అంటే ఇష్టం, ఎందుకంటే అప్పటిదాక అందరు సూపర్ జీన్ కోసం దేవులాడుతుండ్రి, వీళ్లు ఉప్పు డబ్బా దిక్కు చూసిండ్రు. అయితే అది ల్యాబ్ మీడియం, మా ప్లాంటుల నూకల పిండిల, వెనక్కి తిప్పి వాడే నీళ్లల్ల పొటాషియం ముందే కొంత ఉంటది, పీహెచ్ పెంచితే బ్యాక్టీరియా పండుగ చేసుకుంటది, అందుకే అదే లాభం మాకు వస్తదని అనుకోవద్దు.

ప్రోటీన్ల ముచ్చట జల్దీ చెప్పేస్త. ఆల్కహాల్‌కు ప్రోటీన్లు మడత చెడి గడ్డలు కడతయి, వేడికి చేసినట్టే, అందుకే ఈస్ట్ వేడికి ఏం చేస్తదో దీనికి సుత అదే చేస్తది, హెచ్‌ఎస్‌పీ104 లాంటి హీట్ షాక్ ప్రోటీన్లను దించుతది, అది గడ్డల్ని విప్పుతది. ఆ ట్రెహలోజ్ పోగు చేస్తది, అది ప్రోటీన్లను, మెంబ్రేన్‌ను పట్టుకొని ఉంటది. వీటన్నిటికి ఆర్డర్లు ఇచ్చేది ఎంఎస్ఎన్2, ఎంఎస్ఎన్4, హెచ్ఎస్ఎఫ్1 అనే రెగ్యులేటర్లు. పరీక్షల ఇవి రాస్తే మార్కులు వస్తయి.

గని పరీక్షల రానిది ఒకటి చెప్త. జపాన్ల బియ్యంతోటి సాకె అనే మందు చేసే ఈస్ట్ ఆల్కహాల్ 18, 20 శాతం దాక తీస్తది, డిస్టిల్ చెయ్యకుండనే. మరి దాని స్ట్రెస్ రెస్పాన్స్ మస్తు గట్టిగ ఉండాలె కదా? ఉల్టా. క్యోకాయ్ 7 అనే పేరున్న సాకె ఈస్టుల ఆ ఎంఎస్ఎన్2, 4 దారి సరిగ పనిచెయ్యది, దాని పైన ఉండే ఆర్ఐఎమ్15 అనే జీన్ల లోపం ఉందని జపాన్ వాళ్లే తేల్చిండ్రు. కష్టం వస్తే పని బంద్ పెట్టి దుప్పటి కప్పుకోవాలె అనే బుద్ధి దానికి పోయింది, అందుకే ఆఖరిదాక చక్కెర తింటనే ఉంటది. అంటే ఎక్కువ ఆల్కహాల్ చేసుడు, ఎక్కువ ఆల్కహాల్‌ల బతుకుడు రెండు ఒకటి కాదు. బతుకుడు మీదనే పానం పెట్టిన ఈస్ట్ ఫర్మెంటేషన్ మెల్లగ చేస్తది, ప్లాంటుకు అది పనికిరాది. ఇది చదివినంక "హై టాలరెన్స్ స్ట్రెయిన్" అని బ్రోచర్ పట్టుకొచ్చే సేల్స్‌వాళ్లను నేను అడిగే ప్రశ్న మారింది, ఎంత శాతంల బతుకుతది అని అడగ, ఎంత శాతంల ఎంత జోరుగ తింటది అని అడుగుత, చానామంది ఫోన్ చేసి చెప్తం సార్ అని పోతరు.

సాకె గెలిచేది ఈస్టుతోటే అనుకోవద్దు మళ్ల, వాళ్లు ట్యాంకును పది పదిహేను డిగ్రీల సల్లదనంల పెడతరు, అన్నంల పిండిని కోజి అనే బూజు మెల్లగ చక్కెర చేస్తుంటే ఈస్ట్ ఎప్పటిదప్పుడు తింటది, చక్కెర ఒక్కసారి మీద పడది. మేము సుత సగం ఇదే చేస్తం, నూకల పిండిని ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ తోటి ఉడికించి పల్చగ చేసినంక, చక్కెర చేసే గ్లూకోఅమైలేజ్ ఎంజైమ్‌ను ఫర్మెంటర్లనే ఏస్తం, గ్లూకోజ్ మెల్లగ దిగుతది. మొదట్లనే మొత్తం గ్లూకోజ్ అయితే ఆ చిక్కదనానికి ఈస్టుకు నీళ్లు గుంజుకుపోతయి, దాన్ని ఆపనీకి అది గ్లిజరాల్ చేస్తది, మనకు ఇథనాల్ తక్కువ, దానికి అలసట ఎక్కువ.

సల్లదనం మాత్రం మా దగ్గర ఏడికెల్లి వస్తది. వేడి, ఆల్కహాల్ రెండు కలిస్తే ఒకదానికి ఒకటి బలం, 32 డిగ్రీల దగ్గర 12 శాతం నవ్వుకుంట చేసే ఈస్టే 37 దగ్గర తొమ్మిదికి కాళ్లు చాపుతది. ఎండకాలం బయట 44, 45 ఉంటది కదా మే నెలనే కష్టం అనుకుంటరు, మాకు అసలు పరేషాన్ జూన్ మొదట్ల, మృగశిర దగ్గరికి వచ్చి మబ్బు పట్టి, వాన పడక, ఉక్కపోసే రోజులు. కూలింగ్ టవర్ నీళ్లను ఆవిరి చేసి సల్లబరుస్తది, గాలి పొడిగుంటే 45లనన్నా ఆవిరి మంచిగైతది, గాలిల తేమ నిండుగుంటే 38 ఉన్నా టవర్ నీళ్లు సల్లబడయి. ఇంట్ల కూలర్ జూన్ల పనిచెయ్యకపోవుడు ఎందుకో అదే కారణం. ఫర్మెంటేషన్ నుంచి వేడి పుట్టుడు మాత్రం ఆగది, ఇరవై గంటల కాడ జోరుగున్నప్పుడు డిగ్రీ డిగ్రీ ఎక్కుతుంటే చూస్తనే కూసోవాలె.

ఇట్లాంటి రోజుల్లనే ఒక రాత్రి మా దగ్గర ప్రీ-ఫర్మెంటర్, అంటే ఈస్టును పెంచే చిన్న ట్యాంకు, దాని ఎయిర్ బ్లోయర్ బంద్ పడ్డది. బుడగలు వస్తనే ఉన్నయి కదా, కార్బన్ డైఆక్సైడ్‌వి, అవి చూసి అంతా మంచిగనే ఉంది అనుకొని పై షిఫ్టోళ్లు ఆ ఈస్టునే పెద్ద ట్యాంకుకు కొట్టిండ్రు. మొదటి ఇరవై గంటలు ఏం తెల్వలేదు, గ్రాఫు రోజూలాగనే. ముప్పై దాటినంక బ్రిక్స్, అంటే కరిగున్న చక్కెర కొలత, దిగుడు తగ్గింది, నలభైకి ఆగింది, ఆల్కహాల్ తొమ్మిదిన్నర కాడ, చక్కెర ఇంకా దండిగుంది. స్లైడ్ పెట్టి చూస్తే మూడింట్ల ఒకటి నీలం, బతికున్నయి సుత సన్నగ, మొగ్గ లేకుండ. పొద్దుగాల మీటింగుల పై సారు ఆర్డర్ ఏందంటే ఇంకో రెండు బస్తాల డ్రై ఈస్ట్ ఎయ్యమని. తొమ్మిదిన్నర శాతం ఆల్కహాల్‌ల, 36 డిగ్రీలల్ల, ఎండిన ఈస్టును తెచ్చి పోస్తే అది నీళ్లు పీల్చుకునే టైములనే పొర చిరిగి పోతది, డ్రై ఈస్టుకు అదే అన్నిట్ల నాజూకు ఘడియ. చెప్పిన, వినలే, ఏసిండ్రు, బ్రిక్స్ కదల్లేదు. నిజంగ లేపాలంటే వేరే చిన్న ట్యాంకుల గాలి ఇచ్చి కొత్త ఈస్టును మంచి జోరు మీద పెట్టి, మొరాయించిన సరుకును కొంచెం కొంచెం అండ్ల కలుపుకుంట పోవాలె, ఈస్ట్ మెల్లమెల్లగ అలవాటు పడుతది, టైము పడుతది, ట్యాంకు సల్లబరచాలె. ఆ టైము ఎవ్వరికి లేదు, ఆఖరికి ఉన్నదాన్ని ఉన్నట్టే డిస్టిలేషన్‌కు కొట్టి చక్కెర నష్టం రాసుకున్నరు.

అట్లాంటి ట్యాంకులల్ల లాక్టోబాసిల్లస్ సుత లేస్తది, అది లాక్టిక్ యాసిడ్ చేస్తది, అసిటిక్ చేసేటియి సుత తోడైతయి, ఈ యాసిడ్లు విడిపోకుండ ఉన్నప్పుడు మెంబ్రేన్ దాటి పోయి లోపల విడిపోతయి, పాపం ఆ పంపుకు ఇంకో బరువు. ఈస్ట్ తను చేసే ఆక్టనోయిక్, డెకనోయిక్ ఫ్యాటీ యాసిడ్లు సుత కొంచెమైనా మెంబ్రేన్‌కు విషమే, వైన్ చేసేటోళ్లు మొరాయించిన ట్యాంకుల సచ్చిన ఈస్ట్ గోడల పొడి ఏస్తరు, ఆ పొట్టు ఈ విషాలను పీల్చుకుంటది. సచ్చిన ఈస్ట్ బతికినదానికి మందైతది.

మరి జీన్లు మార్చి 30 శాతం తట్టుకునేది చెయ్యరాదా అని మావాడు తప్పక అడుగుతడు. వందల జీన్లు దీంట్ల చెయ్యి పెట్టి ఉన్నయి అల్లుడూ, వాక్యూల్‌వి, ఎర్గోస్టెరాల్‌వి, ట్రిప్టోఫాన్ చేసేటియి, ఒక్కటి పీకి ఒక్కటి పెడితే తెగేది కాదు. ఈస్టును ఆల్కహాల్ మెల్లగ పెంచుకుంట ఏండ్లకేండ్లు పెంచి చూసిన ప్రయోగాలు ఉన్నయి, ఒకే తల్లి నుంచి వచ్చిన గుంపులు వేరే వేరే మ్యుటేషన్లతోటి వేరే వేరే దారులల్ల ఓపిక తెచ్చుకున్నయి, ఒక్క దారే లేదు. అయినా సరే ఇరవై దాటుడు మస్తు కష్టం, అందుకే విస్కీ అయినా, ఆదిలాబాద్ దిక్కు ఇప్పపువ్వు సారా అయినా, మా ఇథనాల్ అయినా మిగిలింది పొయ్యి చేసే పని. డిస్టిలేషన్ సుత బరువు లెక్కన 95.6 శాతం కాడ ఆగుతది, నీళ్లు ఇథనాల్ కలిసే మరుగుతయి, ఆ చివరి నీళ్లను మాలిక్యులర్ సీవ్ అనే సన్న రంధ్రాల గింజలు పీల్చుకుంటే అప్పుడు పెట్రోల్ల కలిపే సరుకు.

ప్లాంటుకు నిజంగ లెక్కకొచ్చేది ముప్పై శాతం కల కాదు. టన్ను మక్కలకు సుమారు 380 లీటర్లు అనేది మా దగ్గర మాట, ట్యాంకుల 11 శాతం వచ్చే దగ్గర 13 వస్తే ఉడికించే నీళ్లు తగ్గుతయి, మరిగించే ఆవిరి తగ్గుతది, బొగ్గు తగ్గుతది. ఆ రెండు శాతం కొత్త స్ట్రెయిన్‌తోటి వస్తదని లచ్చలు పెడతరు, బ్లోయర్ రిపేరుకు మాత్రం పర్చేజ్ ఆర్డర్ నెల పడుతది.

సచ్చిన ఈస్ట్ ఏమైతది అని సుత అడిగిండు వాడు. డిస్టిలేషన్ కాలమ్ అడుగున పిప్పితోటి కలిసి బయటికొస్తది, దాన్ని నీళ్లు పిండేసి ఎండబెడితే డీడీజీఎస్ అంటరు, కోళ్ల దాణాల, బర్రెల దాణాల పోతది, ప్రోటీన్ మంచిగుంటది. మక్కలైతే సుమారు మూడొంతుల్ల ఒక వంతే డీడీజీఎస్‌గ మిగుల్తది కాబట్టి గింజలల్ల అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటే ఇక్కడికొచ్చేసరికి మూడింతలు చిక్కబడుతది, ఆ టెస్టు రిపోర్టు చూడకుండ కోళ్ల ఫారపోళ్లు లారీ ఎత్తరు.